కూర్చుని నడిచిన పద్నాలుగు వేల అడుగులు

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అని పోతున్నారు, "పోనీలేమ్మా, గండం గడిసింది కదా" అని. గడిచింది, కాదనను. నా కోపం మాత్రం గడవలేదు. కోపాన్ని లోపల దాచుకుంటే గుండెకు మంచిది కాదని కుప్పం డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఎవరైనా చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనీ. మా ఇంట్లోవాళ్ళు చదవాలనే రాస్తున్నాను. నాలాంటి ఆడవాళ్ళు కూడా చదివితే ఇంకా మంచిది.

నా పేరు సుగుణ, వయసు నలభై తొమ్మిది. మదనపల్లెలో పట్టుమగ్గాలుండే వీధిలో మా ఇల్లు. నేనూ మా ఆయన గంగులప్పా ఇద్దరం నేతపనివాళ్ళమే. ఇంట్లో రెండు గుంటమగ్గాలు పక్కపక్కనే ఉంటాయి. మాకు ఒక్కతే కూతురు, లావణ్య. పెళ్ళయి కుప్పంలో ఉంటుంది, అక్కడే ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. మా అన్న మునిరత్నం పుంగనూరులో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. ఈ ముగ్గురి మీదా నాకు కోపం ఉంది. నాలుగో మనిషి ఒక డాక్టరు. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

ఉగాదికి ముందు మా వీధి చివర ఉచిత వైద్య శిబిరం పెడితే పోయాను. చక్కెర ఉందన్నారు, బీపీ కూడా కాస్త ఎక్కువే అన్నారు. మాత్రలు రాసిచ్చి రోజూ నడవమన్నారు. మాత్రలు మింగడం తేలికే. నడవడం ఎట్లాగో నాకు తెలియలేదు. నవ్వకండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏదో ఒక చోటికి పోవడానికే నడిచాను తప్ప, ఊరికే నడవడం ఎన్నడూ చేయలేదు. మొదటి రోజు పొద్దున చీర మీద మా అమ్మాయి పాత బూట్లు వేసుకుని బయటపడ్డాను. పక్కింటి గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చింది.

"యాడికమ్మా ఇంత పొద్దన్నే?"

"యాడికీ లేదక్కా. నడుస్తాండాను."

"అదే, యాడికి నడుస్తాండావు?"

నాలుగిళ్ళ దగ్గర ఇదే వరస. ఐదో ఇంటి దగ్గర పాలకు పోతున్నానని అబద్ధం చెప్పి, నిజంగానే పాలు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

లావణ్యకు ఫోన్లో ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. ఆ ఆదివారమే వచ్చి నా ఎడమ చేతికి వాచీ కట్టింది. నల్ల రబ్బరు పట్టీ, చదరపు తెర. అడుగులు లెక్కపెడుతుంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూపిస్తుంది, ఎంతసేపు నిద్రపోయానో కూడా చెబుతుంది. దాన్ని నా ఫోనుకు కలిపి, ఆ లెక్కలన్నీ కుప్పంలో తన ఫోనులో కూడా కనపడేలా పెట్టుకుంది.

"ఇంక నువ్వేం చెప్పే పని లేదు మా. నాకంతా ఈడనే కనపడతాది" అంది.

అప్పుడు ఆ మాట నాకు ముద్దుగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మొదటి నెల బాగానే జరిగింది, అది ఒప్పుకోవాలి. చేతికి వాచీ ఉండేసరికి వీధిలో ప్రశ్నలు ఆగిపోయాయి. వాచీ కట్టుకున్న మనిషి వాకింగుకు పోతోందని అందరికీ అర్థమైపోయింది. రోజుకు రెండు వేల అడుగులు, రెండు వేల మూడు వందలు, ఒకసారి మూడు వేలు దాటాను. పదివేలు పూర్తయితే తెర మీద పటాకులు పేలతాయని లావణ్య చెప్పింది. నాకు ఒక్కనాడూ పేల్లేదు. కాళ్ళు నొప్పులు పుట్టేవి, పిక్కలు పట్టేసేవి. అయినా ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే ఒంట్లో ఏదో హుషారు. ఆ హుషారు నిజమైనదని ఇప్పుడు తెలుస్తోంది. దాన్ని అట్లాగే పట్టుకుని ఉంటే ఈ రాత రాయవలసిన పని ఉండేది కాదు.

వైశాఖంలో ఎండలు ముదిరాయి. పెళ్ళి చీరల పని కూడా నెత్తిన పడింది. పొద్దున నడక మానేసి నేరుగా మగ్గం ఎక్కిన రోజు, పని ముందు ఎప్పుడూ తీసి పెట్టే వాచీని తీయలేదు. పట్టీ అంచు పడుగు పోగులకు తగులుతోందని దాని మీద గుడ్డ పేలిక చుట్టి నేశాను. సాయంత్రం పేలిక విప్పితే తెర మీద పటాకులు పేలుతున్నాయి. పదకొండు వేల అడుగులు.

నేను గుమ్మం దాటలేదు. అందుకే ముందు అనుమానం వచ్చింది, మా ఆయనకు చూపించాను. ఆయన తల గోక్కుని, గుంటలోకి చూసి, నా కాళ్ళు చూశాడు.

"తొక్కతాండావు కదే. పొద్దన్నించి రెండు కాళ్ళూ తొక్కతానే ఉండావు. దానికి తెలిసిపోయింది" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. మగ్గం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వదిలి గట్టు మీద కూర్చుంటారు. కింద పాదాలతో తొక్కుడు చెక్కలు నొక్కుతుంటే పైన పడుగు విడిపోతుంది. కుడిచేత్తో తాడు లాగితే అడ్డపోగు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తుతుంది. ఎడమచేత్తో పలకను దగ్గరికి లాగి, ఆ పోగు బిగిసేలా గుద్దుతాం. కాళ్ళూ చేతులూ అన్నీ ఆడుతూనే ఉంటాయి. అంత తొక్కుడు తొక్కితే అది నడక కాకుండా ఎట్లా పోతుందని మేమంతా అనుకున్నాం.

పుంగనూరుకు ఫోన్ చేసి అన్నను అడిగాను. ముప్పై ఏళ్ళు పిల్లల చేత మైదానం చుట్టూ పరుగులు తీయించిన మనిషి కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సైకిల్ తొక్కేది ఎక్సర్‌సైజే కదమ్మా? మగ్గం తొక్కేదీ అంతే. నీకు ఇంట్లోనే గ్రౌండుండాది. పదకొండుతో ఆగొద్దు, పద్నాలుగుకు పో."

లావణ్య ఫోనులో చప్పట్లు కొట్టే బొమ్మలు పంపింది. అంతే, పొద్దున నడక మూలన పడింది. బూట్లు అటక ఎక్కాయి.

ఇక్కడ మా తెలివి ఎంతదాకా పోయిందో వినండి. అన్న పెట్టిన పద్నాలుగు వేలు అందుకోవాలని ఆషాఢమంతా నేను ఇంకో గంట ఎక్కువ కూర్చున్నాను. పన్నెండు వేల దగ్గర ఆగిపోతే, సాయంత్రం టీ తాగి మళ్ళీ గుంటలో దిగేదాన్ని. ఎంత ఎక్కువ కూర్చుంటే అంత ఎక్కువ నడిచినట్టు లెక్క. నడుము పట్టుకుపోయి, గోడ పట్టుకుని లేచి, మొగుడికి వాచీ చూపించి మురిసిపోయేదాన్ని. నా మీద నాకున్న కోపం చిన్నదేమీ కాదు.

శ్రావణం మొదట్లో మిద్దె మీద పట్టు ఆరేయడానికి పోతూ మెట్ల మధ్యలో ఆగిపోయాను. పన్నెండు మెట్లు. ఎప్పుడూ గంప చంకన పెట్టుకుని ఎక్కేదాన్ని. ఊపిరి అందలేదు. వీపులో, రెండు రెక్కల మధ్య, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. కాసేపు కూర్చుంటే పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. తర్వాత దవడ కింద లాగడం మొదలైంది. పన్ను నొప్పేమో అనుకుని లవంగం పెట్టుకున్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశాడు.

"ఎనభై నాలుగు. బాగానే కొట్టుకుంటాండాదే."

కూతురికి చెప్పాను. "రోజుకు పద్నాలుగు వేలు నడిస్తే ఆయాసం రాదా మా? నేనైతే పడిపోయుంటా. రెండు దినాలు తగ్గించు" అంది. అన్నకు చెప్పాను. "కొత్తగా ఎక్సర్‌సైజు మొదలుపెట్టినోళ్ళకు కండరాలు పడతాయమ్మా, వేడినీళ్ళు పోసుకో" అన్నాడు. ముగ్గురూ నా మంచి కోరేవాళ్ళే. ముగ్గురూ నేను చెప్పింది విన్నారు. విని, వాచీని అడిగి, అది ఏం చెబితే అది నమ్మారు. వారం తిరిగేసరికి నేనే చెప్పడం మానేశాను. ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషికి నొప్పి ఉందంటే వేషాలు వేస్తున్నట్టు ఉంటుందని సిగ్గేసింది.

చివరికి నేనే పట్టుబట్టి ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఊళ్ళో చిన్న క్లినిక్కు, పేరు అనవసరం. టోకెను ముప్పై ఒకటి. ప్లాస్టిక్ కుర్చీలు గోడకు ఆనించి ఉన్నాయి. టీవీలో వంటల కార్యక్రమం వస్తోంది, మాట వినపడకుండా. గంటన్నర కూర్చున్నాం. లోపలికి పోయాక నేను మూడు మాటలు చెప్పాను. వీపు నొప్పి అన్నాను, మెట్లు ఎక్కితే ఆయాసం అన్నాను, దవడ లాగుతోంది అన్నాను. నాలుగో మాట నోట్లో ఉండగానే మా ఆయన ఫోను తీసి డాక్టరు ముందు పెట్టాడు. లావణ్య పంపిన నెల లెక్క, పచ్చపచ్చటి నిలువు గీతలతో.

డాక్టరు మొహం విప్పారింది. "మీ వయసులో ఇంత యాక్టివ్‌గా ఉండేవాళ్ళు నా దగ్గరికి రారమ్మా. సిట్టింగ్ జాబ్ వాళ్ళకి మిమ్మల్ని చూపించాలి" అన్నాడు. గ్యాసు అన్నాడు. ముట్లు ఆగిపోయే వయసులో ఇట్లాంటివి మామూలే అన్నాడు. చీటీ రాసి ఇచ్చాడు. మా ఆయన బయటికొచ్చి నన్ను చూసి నవ్వాడు, పరీక్షలో పాసైన పిల్లను చూసినట్టు.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. ఇంగ్లీషులో ఒక వరస. రోజుకు పద్నాలుగు వేల అడుగులు నడుస్తుంది, చురుకైన మనిషి అని. దాని కింద మూడు మాత్రలు. వీపు లేదు, దవడ లేదు, ఆయాసం లేదు.

వినాయక చవితి అయిపోయిన వారం, పొద్దున తొమ్మిది దాటి ఉంటుంది. నేను మగ్గం మీద ఉన్నాను. మా వెనకింట్లో ఈశ్వరమ్మత్త అని డెబ్భై ఏళ్ళ మనిషి ఉంటుంది. నలభై ఏళ్ళు నేసింది. కళ్ళకు పొరలు వచ్చి ఇప్పుడు దారం కండెలు చుట్టుకుంటూ కూర్చుంటుంది. ఆవిడ గోడ తడుముకుంటూ మా ఇంటికి రావడం నేను అదే మొదటిసారి చూడడం. మామూలుగా తను రాదు, మేమే పోతాం.

"ఏం సుగుణా, ఒంట్లో ఎట్లుండాది నీకు?"

"బాగుండాను అత్తా. యాల?"

"మూడు దినాలనించి నీ మగ్గం సప్పుడు బాగలేదు. రెండు దెబ్బలు పడతాయి, మూడోది పడేది లేదు. ఈపొద్దు మరీ అద్దానంగా ఉండాది. గోడకవతల కూసోలేక వచ్చినా."

ఆవిడ నా పక్కన చతికిలబడి చెయ్యి నా నుదుటి మీద పెట్టింది. తీసి తన చీరకు తుడుచుకుంది. అప్పుడుగానీ నాకు చెమట పట్టిందని తెలియలేదు. జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. మా ఆయన పక్క మగ్గం ఆపి లేచి వచ్చాడు. వచ్చి ఏం చేశాడో చెప్పనక్కరలేదు. నా మణికట్టు మీద పేలిక విప్పాడు.

"ఎనభై ఎనిమిదే ఉండాది కదత్తా..."

"దీని మొగం సూడప్పా ముందు" అంది ఈశ్వరమ్మత్త. "నాకు కండ్లు కనపడవు. నీకు కనపడతాయి కదా. చేతికుండేది తర్వాత సూద్దువు. పోయి ఆటో పిల్చకరా."

ఆయన చూశాడు. అన్ని వారాల్లో మొదటిసారి చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

మదనపల్లె ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. రోజంతా చూసి, మర్నాడు పొద్దున కుప్పం పెద్దాసుపత్రికి పంపారు, కూతురు అక్కడే ఉంది కాబట్టి. గాజులు, కమ్మలు తీసి మా ఆయన చేతికి ఇచ్చారు. వాచీ మాత్రం ఉండనీ, నాడి తెలుస్తుంది అని ఆయనే చెప్పాడట.

అంబులెన్సు పుంగనూరులో ఆగింది. మా అన్న రోడ్డు పక్కన చిన్న సంచితో నిలబడి ఉన్నాడు. ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి అందుకున్నాడు. చిన్నప్పుడు మా ఊరి వాగు దాటేటప్పుడు అట్లాగే పట్టుకునేవాడు. నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆయన నా మణికట్టు తిప్పాడు, తెర పైకి వచ్చేలా.

సరిగ్గా అప్పుడే అది వణికింది. నేను చాలాసేపటి నుంచి కదల్లేదట. లేచి నాలుగడుగులు వేయమంటోంది.

"దీన్ని తియ్యి" అన్నాను. నిన్నటి నుంచి నోరు తెరిచి గట్టిగా అన్న మొదటి మాట అదే. "తియ్యన్నా. నువ్వు తియ్యకపోతే నేనే పీకి రోడ్డు మీద పారేస్తా."

"గుండె ఎట్ల కొట్టుకుంటాండాదో..."

"నన్నడుగు. నేను ఈడనే ఉండాను కదా. నన్నడగాలని ఒక్కరికన్నా తోచిందా?"

పక్కనున్న నర్సు నన్ను అరవొద్దంది. అన్న పట్టీ విప్పి వాచీని జేబులో వేసుకున్నాడు.  పలమనేరు దాటాక ఆయనే మెల్లగా, "ఎట్లుండాదమ్మా?" అన్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు.

కుప్పంలో గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఆ వివరాలు నాకు సరిగా గుర్తులేవు, గుర్తున్నంత మటుకు చల్లటి గది, తల మీద పెద్ద దీపం. ఐసీయూలో ఒక ఆయమ్మ ఉండేది. తమిళం కలిసిన తెలుగు మాట్లాడేది. మూడో రోజు తనంతట తనే నా తల దువ్వి జడ వేసింది. "ఇంత చిక్కు పెట్టుకొని ఎట్ల పడుకుంటావు మా, నిద్ర పట్టొద్దా" అంది. అన్నాళ్ళలో వాచీతో పని లేకుండా నాకు ఏం కావాలో కనిపెట్టిన రెండో మనిషి ఆవిడ, ఈశ్వరమ్మత్త తర్వాత.

బయట వరండాలో మావాళ్ళు ఒకరినొకరు తినేస్తున్నారని తర్వాత తెలిసింది. పక్కనే ఉండి ఎట్లా కనుక్కోలేదని లావణ్య వాళ్ళ నాన్నను నిలదీసిందట. నీ ఫోనులో అంతా బాగుందని రోజూ చెప్పింది నువ్వే కదా అని ఆయన అన్నాడట. ఇద్దరూ కలిసి మా అన్న మీద పడ్డారట. రెండు రోజులు ముగ్గురూ మూడు చోట్ల కూర్చుని టిఫిన్ పొట్లాలు విడివిడిగా తిన్నారట. నాకు జాలి కలగలేదు. నన్ను చూడ్డానికి ఒక్కొక్కరే లోపలికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని పడుకున్నాను.

అసలు సంగతి బయటపడింది వార్డుకు మార్చాక. నన్ను మెల్లగా నడిపించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. వరండాలో ఇరవై అడుగులకే నా కాళ్ళు వణికాయి. ఆ పిల్ల నా పిక్కలు నొక్కి చూసి మొహం చిట్లించింది.

"ముందు ఏమన్నా నడిచే అలవాటుండాదా మా?"

"రోజుకు పద్నాలుగు వేలు" అంది లావణ్య, ఫోను తీస్తూ. ఇంకా నమ్ముతోంది.

"ఈ కాళ్ళతోనా? ఏం పని చేస్తారు మా మీరు?"

మగ్గం అని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి వాచీ ఉందా అని అడిగింది. అన్న జేబులోంచి తీశాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ చేతికి కట్టి, కాళ్ళు కదపకుండా, మగ్గం మీద ఆడించినట్టు చేతులు మాత్రం మెల్లగా ఆడించమంది. ఊరికే గాల్లో తాడు లాగాను, పలక గుద్దాను. ఇరవై సార్లు లెక్కపెట్టి ఆపమంది. పంతొమ్మిది అడుగులు. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని పాదాలు మాత్రం తొక్కమంది. తొక్కాను. ఒక్క అడుగు కూడా పెరగలేదు.

"ఇది కట్టుండేది చేతికి మా, కాలికి కాదు. చెయ్యి ఊగితే నడకని లెక్కేస్తాది. మీరు చేసే పని దానికేం తెలుసు?" అంది ఆ పిల్ల. మామూలుగానే అంది.

వాచీకి తెలియదు, సరే. దాని మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు. అది ఎక్కడో ఎవరో చేసిన వస్తువు, మగ్గం మొహం ఎరగదు. కానీ మా ఆయనకు తెలియదా? ముప్పై ఏళ్ళుగా అదే గుంటలో కాళ్ళు మొద్దుబారి, సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని లేచే మనిషి. మగ్గం పని కూర్చునే పని అని ఆయనకు ఒకరు చెప్పాలా? డ్రిల్లు మేష్టారికి పరుగెత్తిన పిల్లవాడి కాలు ఎట్లా ఉంటుందో తెలియదా? నాకు తెలియదా? మా ఒంటికి తెలిసిన సంగతిని పక్కన పెట్టి అందరం తెర మీద పటాకులు చూసి చప్పట్లు కొట్టాం. పద్నాలుగు వేలు నడిచింది నా చెయ్యి. నేను గుంటలోనే కూర్చుని ఉన్నాను.

పక్క మంచం పెద్దాయన ఇదంతా చూసి ఆపుకోలేక నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. లావణ్య నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. పొమ్మనలేదు, ఓదార్చనూ లేదు.

దసరాకు ఇంటికి వచ్చాను. ఆరు నెలలు మగ్గం ఎక్కొద్దన్నారు. మా ఆయన వంట నేర్చుకుంటున్నాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు కూడా నా మొహంలోకి చూసి అడుగుతున్నాడు, భయం భయంగా. పొద్దునా సాయంత్రం నడుస్తున్నాను. ఈశ్వరమ్మత్త నా భుజం పట్టుకుని నాతో వస్తుంది. ఆవిడకు దారి కనపడదు, నాకు బలం లేదు. వీధి చివరిదాకా పోయేసరికి, "నీ ఊపిరి సప్పుడు మారతాండాది, ఈడ కూసుందాం" అంటుంది. కూర్చుంటాం. ఇప్పుడు ఎవరైనా యాడికి అని అడిగితే ఆవిడే, "యాడికీ కాదులే, నీ పని సూసుకో" అని జవాబు చెబుతుంది.

వాచీ కొనొద్దని నేను ఎవరికీ చెప్పను. రోడ్డు మీద నడిచేవాళ్ళకు అది సరిగానే లెక్కపెడుతుందట. కానీ మీ ఇంట్లో మగ్గం నేసేవాళ్ళు, ఉయ్యాల ఊపేవాళ్ళు, చేటతో చెరిగేవాళ్ళు ఉంటే పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టమనండి. ఒంట్లో బాగలేదని ఒక ఆడమనిషి చెబితే, ఆవిడ చేతికి ఏముందో తర్వాత చూడండి.

కార్తీకంలో లావణ్య వచ్చినప్పుడు ఆ క్లినిక్కుకు తీసుకుపొమ్మన్నాను. యాల మా అని అడిగింది. పని ఉందన్నాను. అవే కుర్చీలు, అదే టీవీ. ఈసారి టోకెను పన్నెండు. లోపలికి పోయి కుప్పం కాగితాలు ఆయన ముందు పెట్టాను. తిరగేస్తుంటే డాక్టరు మొహం మారింది.

"మంచి టైములో వెళ్ళారమ్మా. అదృష్టం" అన్నాడు.

"మంచి టైములో మీ దగ్గరికే వచ్చినాను సార్. మూడు వారాలు ముందుగా." పాత చీటీ తీసి కాగితాల మీద పెట్టాను. "దీంట్లో నేను చెప్పింది యాడుండాదో చూపించండి."

ఆయన చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అక్కడ ఏమీ లేదు. "అప్పుడు మీ పల్స్ నార్మల్‌గా ఉంది. స్టెప్స్ కూడా..."

"అది వాచీ చెప్పింది. నేను చెప్పింది అడుగుతాండాను."

లావణ్య నా మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. "రాయండి సార్. ఆ పొద్దు చెప్పిందే మళ్ళా చెప్తా."

"ఇప్పుడు రాస్తే ఏం లాభమమ్మా?"

"ఇంకొకామె వచ్చి చెప్పేటప్పటికి మీ చెయ్యి తిరిగుంటాది."

బయట తర్వాతి టోకెను పిలిచారు. ఎవరో తలుపు కొంచెం తెరిచి మళ్ళీ మూశారు. డాక్టరు పెన్ను మూత తీశాడు. నేను ఒక్కొక్కటే చెప్పాను. వీపులో రెక్కల మధ్య నొప్పి. పన్నెండు మెట్లు ఎక్కితే ఆయాసం. దవడ కింద లాగుడు. పాత చీటీ మీదే, అడుగుల లెక్క కింద ఖాళీగా ఉన్న చోట రాశాడు. సంతకం పెట్టి ఆ రోజు తేదీ వేశాడు. తర్వాత నా చెయ్యి అందుకుని, పట్టీ వల్ల తెల్లబడిన చోట మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పోయినసారి ఈ పని చేయలేదు. నేను థాంక్సు చెప్పలేదు. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేశాను.

రోడ్డు మీదికి వచ్చాక లావణ్య అలవాటుగా ఫోను తీసింది. చూసి, మళ్ళీ బ్యాగులో వేసుకుంది.

"అమ్మా, ఇంటిదాకా నడస్తావా, ఆటో పిల్చేదా?"

"యాల, ఫోన్లో కనపళ్ళేదా?"

అది తల దించుకుంది. పోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. తల ఎత్తి, నా మొహంలోకి సూటిగా చూసింది.

"నిన్నే అడుగుతాండా మా. ఎట్లుండాది నీకు?"

తొందరపడలేదు. వీపు చూసుకున్నాను, నొప్పి లేదు. ఊపిరి చూసుకున్నాను, బాగానే అందుతోంది. కుడి మోకాలు కొంచెం పట్టినట్టుంది, మధ్యలో ఒకసారి కూర్చోవాల్సి రావచ్చు. అదంతా ఒకటి విడవకుండా దానికి చెప్పాను, రోడ్డు మీదే నిలబడి. నా మాట పూర్తయ్యేదాకా అది ఎటూ చూడలేదు.

"సరే, నడుద్దాం పద" అన్నాను.